ఏడో స్తంభం తాడు పుస్తకం

సముద్రంలో స్తంభాల మీద కట్టిన ఆరో తిప్ప, కింది డెక్కు. రాసేది తాడుమనిషి నూకరత్నం. కొట్టివేతలుంటే అవి నావే, ఈ పుస్తకంలో ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

211వ రోజు

పైడి మూడో స్తంభం దగ్గర దిగింది. లోతు పందొమ్మిది మీటర్లు, నీళ్లలో నలభై రెండు నిమిషాలు. స్తంభానికి పట్టిన గుల్లలు గీకి రెండు బుట్టలు పైకి పంపింది. ఒకటి వంటశాలకిచ్చాను. రెండోది కంపు కొడుతుంటే సముద్రంలోనే పోశాను.

నాకు అనుమానం ఎక్కువని ఈ తిప్ప మీద అందరికీ తెలుసు. మా తమ్ముడి పెళ్లిలో పంతులు రెండు మంత్రాలు మింగేశాడని పట్టుకున్నది నేనే. కింద రాసేది కూడా నా బుద్ధే అనుకుంటే అనుకోండి.

సాయంత్రానికి నా చేతిగడియారం డెక్కు బోర్డు మీది టైము కంటే పద్నాలుగు సెకన్లు ముందుకి పోయింది. పొద్దున్నే బోర్డు చూసి గడియారం సరిచేసుకోవడం తాడుమనుషులకి రూలు. చేసుకున్నాను. గడియారాల జిలానీ మొన్ననే దీన్ని విప్పాడు. బాగుచేశాడో, లోపలి మంచి చక్రం కాజేసి పాతది బిగించాడో ఎవరు చూశారు?

ఇంకో సంగతి. పైడి పైకొచ్చి ముసుగు తీస్తూనే, "అత్తా, గాలి తడబడతాంది" అంది.

"తడబడ్డమేటే?"

"పీలిత్తే రాదు. గోడని పీల్సినట్టుంతాది. కాసేపటికి మల్లీ వొచ్చీత్తాది."

పైడితల్లి మా తమ్ముడు అప్పలకొండ కూతురు. వాడు బోటు మీద వేటకెళ్తాడు. తల్లి పోయిన దగ్గర్నుంచి పిల్ల నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు ఇరవయ్యారేళ్లు. అది నీళ్లలో ఉన్నంతసేపూ దాని తాడు పట్టుకుని డెక్కు మీద కూర్చునేది నేను. దానికేమైనా అయితే నేను బతికుండి చేసేదేమీ లేదు.

212వ రోజు

నిన్న సాయంత్రం ముందుకి పోయిన గడియారం, నేను ముట్టుకోకుండానే ఇవాళ పొద్దున బోర్డుతో సరిగ్గా కలిసింది. పట్టుకెళ్లి జిలానీ బల్ల మీద పడేశాను. వాడు భూతద్దం పెట్టి పదినిమిషాలు చూసి, "రత్నమ్మా, ఇది అబద్ధం చెప్పే గడియారం కాదు. నిన్ను నమ్మకపోయినా దీన్ని నమ్ముతాను" అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

గాలి సంగతి సుధీంద్రకి చెప్పాను. తిప్పంతటికీ ఉన్న ఒకే ఒక్క పెద్ద యంత్రాన్ని చూసుకునే ఇంజినీరు అతను. ఇదివరకు గాలిపెట్టెకి డెక్కు మీదే సొంతంగా చిన్న యంత్రం ఉండేది. డైవరు ఊపిరి పీలిస్తే ముసుగులోంచి తీగ మీద కబురు పైకొస్తుంది, పెట్టె వెంటనే వాల్వు తెరిచి గాలి పంపుతుంది. ఆ చిన్న యంత్రాన్ని పోయినేడాది ఎత్తేశారు. గాలిపెట్టె, తుపాను లెక్కలు, బడి, రేషను, ఇళ్ల ఫ్యాన్లు, అన్నీ ఇప్పుడు పెద్ద యంత్రంలోనే నలభై గదుల్లో కాపురం ఉంటున్నాయి. సుధీంద్ర వాటిని వర్చువల్ మెషీన్లంటాడు, మేం గదులంటాం. ఏ గది పని ఎప్పుడు చెయ్యాలో చూసే కెర్నల్‌ని మేస్త్రి అంటాం.

పన్నెండు రోజుల కిందట సుధీంద్ర ఆ మేస్త్రిని మార్చాడు. అంతకుముందు నాలుగు గంటలు పట్టే తుపాను లెక్క గంటా పది నిమిషాల్లో తేలుతోంది. 206వ రోజున పదకొండు బోట్లు వేళకి వెనక్కి తిరిగాయంటే ఆ పుణ్యమే. అందుకని వంటశాలలో అతనికి ముందు వడ్డిస్తున్నారు. నాకది కూడా నచ్చలేదు.

"పాత మేస్త్రి ఎవరు పిలిచినా చేతిలో పని పడేసి పరిగెత్తేవాడు రత్నం గారూ. ఆ తిరుగుడుకే సగం పొద్దు పోయేది. ఇప్పుడు పట్టుకున్న ముక్క అయ్యాకే ఇంకో గదికి వెళ్తాడు" అన్నాడు సుధీంద్ర.

"అంటే బంతిలో వరసగా వడ్డించుకుంటూ పోతాడు. బంతి తొందరగా లేస్తుంది, సరే. మధ్యలో ఎవరికైనా పొలమారితే?"

"నీళ్లకి వేరే మనిషున్నాడండీ. గాలిపెట్టె పిలుపుకి అన్నిటికంటే ముందు ప్రాధాన్యం ఇచ్చాను."

"ఆ మనిషి చేతిలో అన్నం బేసిన్ ఉంటే?"

"అది దింపి వస్తాడు. ఎంతసేపు?"

"నేనూ అదే అడుగుతున్నాను నాయనా."

అతను నవ్వి రికార్డు తెరిచి చూపించాడు. నిన్న పైడి ఆరువందల డెబ్భై సార్లు ఊపిరి పీల్చింది. ప్రతిసారీ పన్నెండు మిల్లీసెకన్ల లోపే వాల్వు తెరుచుకుంది. ఒక్కటంటే ఒక్క ఆలస్యం లేదు. అంత శుభ్రమైన లెక్క నా జన్మలో చూడలేదు. అంత శుభ్రంగా ఉన్నది దేన్నీ నేను నమ్మను.

214వ రోజు

నిన్నా ఇవాళా తుపాను లెక్కలు లేవు, ఆకాశం తేటగా ఉంది. పైడి రెండు రోజులూ దిగింది. గాలి తడబడలేదంది. నా గడియారం కూడా బుద్ధిగా ఉంది.

డెక్కుల అధికారి వాసంతి గారు పిలిచారు. "మీ మేనకోడలు పైడెక్కు మీద పిల్లల కేంద్రంలో పని కావాలని పోయిన నెల అర్జీ పెట్టింది. తెలుసా?"

తెలీదు. నా మొహం చూసి ఆవిడకి అర్థమైంది.

"యంత్రం రికార్డు శుభ్రంగా ఉంది. మీ పిల్లేమో ఓ రోజు గాలి రాలేదంటుంది, ఓ రోజు వచ్చిందంటుంది. నూకరత్నం గారూ, మీరే అడగండి."

అడిగాను. అడగకుండా ఉండాల్సింది. పైడి గుల్లలు గీకే కత్తి నూరుకుంటోంది. నాకు చెప్పకుండా అర్జీ ఎందుకు పెట్టావు, పైడెక్కు పని కోసం గాలి మీద నెపం పెడుతున్నావా అని అడిగేశాను.

కత్తి కింద పెట్టింది. "అర్జీ పెట్టినాను. ఒప్పుకుంతాను. మోకాళ్లు నొప్పెడతన్నాయి, నీతో సెప్తే నువ్వు ఏడుత్తావని సెప్పనేదు. గాలి మాట అబద్దం కాదు. ఊరంతా అననీ. నువ్వు కూడానా అత్తా?"

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా పళ్లెం తీసుకుని అవతలి బల్లకి వెళ్లిపోయింది.

215వ రోజు

ముసుగులోంచి పీల్పు కబురు పైకి తెచ్చే తీగ మీద ఒక ఇత్తడి గంట ఉండేది. డైవరు పీల్చినప్పుడల్లా టిక్కుమనేది. గాలిపెట్టె వచ్చాక దాంతో పనేముందని, చెవి దగ్గర గోలని, తాడుమనుషులం అందరం దానికి గుడ్డ చుట్టేశాం. మొదట చుట్టింది నేనే. ఇవాళ ఊడదీశాను.

పైడి ఐదో స్తంభం దగ్గరికి దిగింది. టిక్కు, వెంటనే వాల్వు స్స్ అనడం. టిక్కు, స్స్. ఓ పావుగంట అలాగే నడిచింది. పదిన్నరకి తుపాను లెక్క మొదలైందని మైకులో చెప్పారు. కాసేపటికి టిక్కుమంది. స్స్ అనలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. అప్పుడు స్స్ అంది.

మొత్తం తొమ్మిదిసార్లు అలా జరిగింది. నిజం చెబుతున్న పిల్లని పట్టుకుని నిన్న నేనేమన్నానో తలుచుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

సుధీంద్రని లాక్కొచ్చాను. అతను మళ్లీ రికార్డే తీశాడు. తొమ్మిదీ లేవు. "మీ చెవి సాక్ష్యం పనికిరాదు రత్నం గారూ. నాకు అంకెలు కావాలి." చెరిపేసి ఉంటాడనుకున్నాను. పైకే అన్నాను కూడా. అతని మొహం కందిపోయింది.

సాయంత్రానికి నా గడియారం పంతొమ్మిది సెకన్లు ముందుంది.

216వ రోజు

రెండు సంగతులు. మొదటిది చెడ్డది: పైడి ఏడో స్తంభం చూసొచ్చింది. ముప్పై ఒక్క మీటర్ల లోతున ఇనుప పట్టీ వదులైంది, నాలుగు బోల్టుల్లో రెండే ఉన్నాయి. ఆ స్తంభం మీద అరవై కొంపలున్నాయి. ఈ సంగతి కూడా నాకు చెప్పలేదు, నా ముందే వాసంతి గారికి చెప్పి వెళ్లిపోయింది.

రెండోది జిలానీ చెప్పాడు. మళ్లీ పోట్లాటకే వెళ్లాను. పొద్దుటి ఎండ బల్ల మీద పడుతోంది. వాడు నా గడియారాన్ని తన మూడు గడియారాల పక్కన పెట్టాడు. నాలుగూ ఒక్కలాగే నడుస్తున్నాయి.

"నీది ముందుకి పోవట్లేదమ్మా. మీ బోర్డే వెనకపడుతోంది."

"మరి తెల్లారేసరికి ఎలా కలుస్తుంది?"

"ఎవడో దాన్ని లాగి సరిచేస్తున్నాడు. వాణ్ణి అడుగు."

ఆ వాడెవడో నాకు తెలుసు. సుధీంద్ర గదికి వెళ్లి, డెక్కు బోర్డుకి టైము ఎక్కడ్నుంచి వస్తుందని అడిగాను.

"గాలిపెట్టె గదిలోంచే. రోజూ తెల్లవారుజామున ఊరి గడియారంతో సరిచేసుకుంటుంది." అన్నాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఎన్ని సెకన్లన్నారు?"

"నిన్న పంతొమ్మిది. తుపాను లెక్క లేని రోజున సున్నా."

నిద్రపోయినవాణ్ణి లేపి ఎంతసేపు పడుకున్నావని అడిగితే ఇప్పుడే కదా కన్ను మూశానంటాడు. మేస్త్రి తుపాను లెక్క బేసిన్ పట్టుకున్నప్పుడు గాలిపెట్టె గది నిద్రపోతోంది. గదితోపాటు గదిలోని గడియారమూ నిద్రపోతోంది. లేచాక, టిక్కు ఇప్పుడే వచ్చింది, ఇప్పుడే తెరిచాను అని రాసుకుంటోంది. అది అబద్ధం చెప్పడం లేదు. ఆలస్యాన్ని కొలవమని ఆలస్యమైనవాడికే గడియారం ఇచ్చాం. పొద్దున్నే లేచి మా చేతిగడియారాలు కూడా వాడితోనే కలుపుకున్నాం, అంత తెలివైనవాళ్లం.

సుధీంద్ర బయటి గడియారంతో కొలిచాడు. గదికి లోపల్నుంచి చూస్తే పన్నెండు మిల్లీసెకన్లు. బయట్నుంచి చూస్తే ఎక్కువసార్లు పదమూడే, ఒక్కోసారి మాత్రం రెండు సెకన్లు. అన్నిటికంటే పెద్దది మూడు పాయింట్ ఎనిమిది సెకన్లు.

"సగటు చూశాను రత్నం గారూ. నేను సగటే చూశాను" అన్నాడు. జాలేసింది, అయినా ఆ అంకెలన్నీ నా చేత్తో ఈ పుస్తకంలోకి ఎక్కించుకున్నాకే గదిలోంచి కదిలాను. రాత్రికి రాత్రి మాయమైతే ఎవరు దిక్కు? పాపం, అతనే వెళ్లి వాసంతి గారికి అంతా చెప్పాడట.

ఇంటికెళ్లి పైడి ముందు కూర్చుని, తప్పు నాదే అన్నాను. "పోనీలే" అంది. ఆ పోనీలేలో ఏమీ పోలేదు.

218వ రోజు

తుపాను లేచింది. ఎల్లుండికల్లా మన మీదకొస్తుందని మొదటి లెక్క. తొమ్మిది బోట్లు ఇంకా సముద్రం మీదే ఉన్నాయి. అందులో ఒకటి మా అప్పలకొండది.

వాసంతి గారు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టారు.

సుధీంద్ర చెప్పింది ఇది. పెద్ద యంత్రంలో లెక్కలు చేసే కోర్లలో, అంటే మా మాటలో పనిచేతుల్లో, ఒకదాన్ని గాలిపెట్టెకే పూర్తిగా రాసిచ్చేస్తే, పని ఉన్నా లేకపోయినా అది అక్కడే కూర్చుంటుంది, ఒక్క ఊపిరి కూడా ఆగదు. కానీ అలా మార్చాలంటే పెద్ద యంత్రాన్ని నలభై నిమిషాలు ఆపాలి, మొదలుపెట్టిన తుపాను లెక్కలన్నీ పోతాయి. పాత మేస్త్రిని పెట్టాలన్నా అంతే, పైగా ఒక్కో లెక్కకి నాలుగు గంటలు. బోట్లకి ఏ దిక్కున పారిపోవాలో గంటగంటకీ చెప్పాలి.

"లెక్క ఆపితే తొమ్మిది బోట్లు. పట్టీ బిగించకపోతే అరవై కొంపలు. నేనేం చెయ్యను, మీరే చెప్పండి" అన్నారు వాసంతి గారు. ఆవిడలో ఏదో దాపరికం ఉంటుందని ఇన్నాళ్లూ చూశాను. ఏమీ లేదు, భయం తప్ప.

"లెక్క ఆపద్దు. మా అయ్య బోటు మీదున్నాడు. నాను దిగుతాను" అంది పైడి.

"ముప్పై ఒక్క మీటర్ల లోతున, బోల్టు బిగిస్తూ, మూడు సెకన్లు గాలి రాకపోతే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు సుధీంద్ర.

"నాకు తెల్దేటి? వారం రోజులై పీలుత్తున్నాను."

పైపు మీద పాత చేతివాల్వు ఇంకా ఉందని నేనే చెప్పాను. పూర్తిగా తెరిచి వదిలేస్తే పైపుకి గాలినిచ్చే కుండీ తొమ్మిది నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది, పనికి ఇరవై అయిదు కావాలి. కానీ గంట టిక్కుమన్నప్పుడల్లా తెరిచి, ఒకటి లెక్కపెట్టి మూస్తే గాలి సరిపోతుంది. పెద్ద యంత్రంతో పనే ఉండదు.

"అన్ని వందల సార్లు ఎవరు తిప్పుతారు?" అన్నారు వాసంతి గారు.

"నేను. ఇంకెవర్నీ నమ్మను" అన్నాను.

పైడి నా వైపు చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

219వ రోజు

పొద్దున తొమ్మిదీ పదికి దిగింది. ఏడో స్తంభం, ముప్పై ఒక్క మీటర్లు. తీగని గంట దాకా ఉంచి, గాలిపెట్టెలోకి వెళ్లే కొస పీకేశాం. కుడిచేత్తో వాల్వు, ఎడమచేత్తో తాడు, చెవి గంట మీద. సుధీంద్ర కుండీ ముల్లు చూస్తూ పక్కన కూర్చున్నాడు. ఏమీ మాట్లాడొద్దని ముందే చెప్పాను.

టిక్కు, తెరువు, ఒకటి, మూయి. మొదటి వంద తేలిగ్గా పోయాయి. రెండో వందకి భుజం లాగింది. మొదటి బోల్టు బిగిసిందని తాడు ఒకసారి లాగింది. అల పెరుగుతోంది, పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. టిక్కు తప్ప లోకం లేదనిపించింది. ఇంత బాగా చేస్తున్నానని గర్వం కూడా వేసింది, రాయకపోతే తప్పు.

తొమ్మిదీ ముప్పైకి మైకులో గొంతొచ్చింది. తుపాను లెక్క తేలింది, బోట్లు ఉత్తరానికి మళ్లాయి, తిప్ప చాటుకి చేరినవాటి పేర్లు చదువుతున్నారు. ఒకటో పేరు. రెండో పేరు. మా వాడిది కాదు. మూడోది. నాలుగోది సగం గాలిలో కొట్టుకుపోయింది, ఏమన్నారోనని తల అటు తిప్పాను. అయిదోది అప్పలకొండ బోటు.

అప్పుడు తాడు గుంజింది. వాల్వు మూసే ఉంది. టిక్కు ఎప్పుడందో నాకు తెలీదు.

తెరిచాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత టిక్కు. మళ్లీ టిక్కు. తెరుస్తూనే ఉన్నాను, కళ్లనిండా నీళ్లు, గంట కనిపించకపోయినా వినపడింది చాలు.

తొమ్మిదీ ముప్పై ఏడుకి పైకొచ్చింది. నాలుగు బోల్టులూ బిగించింది. ఇరవై ఏడు నిమిషాలు, నాలుగువందల ముప్పై ఒక్క ఊపిర్లు. ముసుగు తీస్తే ముక్కులోంచి కొంచెం నెత్తురు. డాక్టరమ్మ చూసి ఫరవాలేదంది, పదిరోజులు నీళ్లలో దిగొద్దంది.

సుధీంద్ర నా చెయ్యి పట్టుకుని, "యంత్రం కంటే బాగా చేశారు రత్నం గారూ. నాలుగువందల ముప్పై ఒకటిలో ఒక్కటే తప్పింది" అన్నాడు. అతను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేను తీసుకోకపోతే ఇంకెవరూ తీసుకోరు. రాసేది నేను, కొలిచే గడియారమూ నాదే.

అందుకని రాస్తున్నాను. తొమ్మిదీ ముప్పై ఒకటికి ఒక ఊపిరి ఆలస్యం. ఎంతసేపో తెలీదు, నాలుగు సెకన్లకి తక్కువుండదు. కారణం: తాడుమనిషి మైకు విన్నది.

మధ్యాహ్నం పైడి మంచం పక్కన కూర్చుని ఇదంతా దానికి చదివి వినిపించాను. గోడవైపు చూస్తూ విన్నది.

"మా అయ్య వొచ్చీసినాడు గదా?" అంది.

"వచ్చీసినాడు. తొమ్మిది బోట్లూ వచ్చీసినాయి."

ఇటు తిరిగింది. తర్వాత నా మోచెయ్యి మీద చెయ్యేసింది. "అత్తా, నాను మల్లీ దిగినప్పుడు తాడు నువ్వే పట్టు. వాల్వు కాడ మాత్రం నువ్వొద్దు."

ఏడుపొచ్చింది. అది చెప్పింది సబబే, అయినా వచ్చింది. సుధీంద్ర గాలిపెట్టెకి పనిచేతిని రాసిచ్చేదాకా డెక్కు మీద చేతివాల్వే నడుస్తుంది. రేపట్నుంచి మిగతా డైవర్ల డ్యూటీ కాగితం రాయాల్సింది నేనే కాబట్టి, వాల్వు దగ్గర నా పేరు కొట్టేసి ఇంకో తాడుమనిషి ఎర్నమ్మ పేరు రాశాను. ఎర్నమ్మకి బోట్ల మీద ఎవరూ లేరు.